ఎయిర్ ఇండియా గోల్డ్ ఉంది, రెండో ప్రోగ్రాం ఏది తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే మేడం. మాది పలాస, జీడి ఫ్యాక్టరీ ఉంది. సరుకు పని మీద నెలకోసారైనా ఢిల్లీయో ముంబైయో వెళ్తాను, వైజాగ్ నుంచే. సీజన్లో పిక్కలు కొనడానికి ఆఫ్రికా. ఇదివరకు బెనిన్ వెళ్లేవాడిని, 2024లో వాళ్లు పచ్చి పిక్కల ఎగుమతి ఆపేశాక ఐవరీ కోస్ట్, టాంజానియా తిరుగుతున్నాను. ఎక్కువగా ముంబై నుంచి ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌లో వెళ్తాను, దుబాయ్‌లో జీడిపప్పు కొనే పార్టీలని కలిసే పని ఉంటే హైదరాబాద్ నుంచి ఎమిరేట్స్. తరచూ ఎక్కేవాళ్లకి పాయింట్లిచ్చే ఎయిర్ ఇండియా ప్రోగ్రాం మహారాజా క్లబ్‌లో గోల్డ్ హోదా వచ్చింది. ఇంకొకటి కూడా పెట్టుకుందామని ఉంది. విజయనగరంలో మా బావమరిది క్రిస్‌ఫ్లయర్ అంటున్నాడు, వైజాగ్ ఏజెంటు స్కైవార్డ్స్ అంటున్నాడు, ఇంకో ఫ్రెండు అన్నీ తీసేసుకో ఫ్రీయే కదా అంటున్నాడు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంది, రెండేళ్లలోపు మా అమ్మనీ మా ఆవిడనీ తీసుకెళ్లాలని ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. గోల్డ్ ఉంటే అమ్మకి ఏమన్నా సాయం దొరుకుతుందా? ఏది తీసుకోమంటారు?

జవాబు: అన్నయ్య గారూ నమస్తే అండి. ముందు తేల్చి చెప్పేస్తాను, తర్వాత కారణాలు మాట్లాడుకుందాం. మీకు రెండోది ఎమిరేట్స్ వాళ్ల స్కైవార్డ్స్. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మీ తిరుగుడుకి పనికిరాదు, అన్నీ తీసేసుకోవడం అసలే వద్దు. ఇండిగో వాళ్ల ప్రోగ్రాం బ్లూచిప్‌లో ఎకౌంటు ఒకటి తెరిచి పెట్టుకోండి గానీ దాన్ని రెండోది అని లెక్కెయ్యకండి. కారణాలు ఎందుకు చెప్తున్నానంటే, బెనిన్ మారిపోయినట్టే రేపు ఇంకో రూటు మారొచ్చు, అప్పుడు ఈ సమాధానం కూడా మారిపోతుంది, ఆ రోజు మీ లెక్క మీరే చూసుకోగలగాలి.

నేను విజయనగరంలో టికెట్ల పనిలోనే ఉన్నాను. పైడిభీమవరం ఫార్మా కంపెనీల వాళ్లు, షిప్పుల మీద పనిచేసే కుర్రాళ్లు, అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలు, వీళ్లే మా దగ్గరికి ఎక్కువ వచ్చేది. రెండో ప్రోగ్రాం గురించి అడిగేవాళ్లు అందరూ "ఏది మంచిది" అనే మొదలుపెడతారు. అలా మొదలుపెడితే తేలదండి. మొదట చూడాల్సింది ఏంటంటే మీరు ఇప్పటికే డబ్బు పెట్టి ఎక్కుతున్న విమానాల్లో దేనికి పాయింట్లు పడట్లేదు అని. పోయిన ఏడాది టికెట్లన్నీ మీ మెయిల్లో ఉంటాయి, ఓ సాయంత్రం కూర్చుని అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, మహారాజా క్లబ్‌లో పాయింట్లు పడ్డవాటికి టిక్కు పెట్టండి. టిక్కు లేకుండా మిగిలినవి ఉంటాయి చూడండి, రెండో ప్రోగ్రాం ఏదో అవే చెప్తాయి. బావమరిది గారి టిక్కెట్లు వేరు, ఆయనకి మిగిలినవి వేరు, అందుకే ఆయనకి మంచిది మీకు మంచిది అవ్వాలని లేదు.

మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చింది ఒక్కచోట. ఇథియోపియన్లో వెళ్తానని రాశారు గానీ ఆ పాయింట్లు ఎక్కడ పడుతున్నాయో రాయలేదు. ఇథియోపియన్ వాళ్లు 2011 డిసెంబర్లో స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్స్ కూటమిలో చేరారు, ఎయిర్ ఇండియా 2014 జులైలో చేరింది, ఇద్దరూ ఒకే గూటి వాళ్లే. అంటే ముంబై నుంచి అడిస్ అబాబా, అక్కణ్ణుంచి ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ గానీ టాంజానియాలోని దారెస్సలాం గానీ వెళ్లే టికెట్లో మీ మహారాజా క్లబ్ నంబరే పెట్టొచ్చు, దానికోసం ఇథియోపియన్ వాళ్ల షెబామైల్స్ తెరవక్కర్లేదు. చాలామంది కౌంటర్లో వాళ్లు ఏ ఎకౌంటు చూపిస్తే అది తెరిచేస్తారు, అక్కడ కొంచెం ఇక్కడ కొంచెం పడి రెండూ ఎందుకూ కొరగాకుండా పోతాయి. ఒక ఫ్లైటుకి ఒక్క ప్రోగ్రాంలోనే పాయింట్లు పడతాయి, రెండిట్లో పడవు, ఇది మాత్రం అన్ని ఎయిర్‌లైన్స్‌లోనూ ఒకటే. కాబట్టి మీ కాగితం మీద ఇథియోపియన్ టికెట్లకి టిక్కు లేదంటే రెండో ప్రోగ్రాం సంగతి తర్వాత, ముందు అది సరిచేసుకోండి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, ఏజెంటుని అడగాల్సిన ప్రశ్న. ఎయిర్ ఇండియా 2024 ఏప్రిల్లో పద్ధతి మార్చింది, అప్పటినుంచి వాళ్ల సొంత విమానాల్లో మీరు ఖర్చుపెట్టిన రూపాయల్ని బట్టి పాయింట్లు ఇస్తున్నారు. కానీ ఇథియోపియన్ లాంటి పార్ట్‌నర్ విమానాల్లో లెక్క అలా ఉండదు, టికెట్ మీద క్లాసు అని ఒక అక్షరం ఉంటుంది, ఆ అక్షరాన్ని బట్టి, వెళ్లిన దూరాన్ని బట్టి ఇస్తారు. ఒకే ఎకానమీ సీటు, ఒకే భోజనం, పక్కపక్క వాళ్లే, కానీ ఒకరి అక్షరానికి మైళ్లు (పాయింట్లనే ఇలా కూడా అంటారు) వస్తాయి ఇంకొకరి అక్షరానికి అరకొరగా వస్తాయి, మరీ చవక వాటికి అసలు రాకపోవచ్చు. అందుకని టికెట్ కొట్టించే ముందు "ఇది ఏ క్లాసు, మహారాజా క్లబ్‌కి ఎంత పడుతుంది" అని అడగండి. తేడా వెయ్యో రెండువేలో ఉంటే పై క్లాసు తీసుకోవడం నయం, పదివేలు తేడా ఉంటే మాత్రం చవకదే కొనండి, పాయింట్ల కోసం అంత పెట్టక్కర్లేదు.

గోల్డ్ విలువ మీకు ఎక్కువ తెలిసేది కూడా ఈ ఆఫ్రికా ప్రయాణాల్లోనే. మహారాజా క్లబ్ గోల్డ్ అంటే స్టార్ అలయన్స్ గోల్డ్ కూడా అవుతుంది, అంటే ఇథియోపియన్లో వెళ్లినా బిజినెస్ క్లాస్ కౌంటర్లో చెకిన్, లాంజ్‌లోకి మీతోపాటు ఇంకొకరు, బ్యాగులు ముందు రావడం, ఇంకా లగేజీ కిలోల లెక్కలో అయితే 20 కిలోలు ఎక్కువ, బ్యాగుల లెక్కలో అయితే ఒక బ్యాగు ఎక్కువ. వెళ్లేటప్పుడు పార్టీలకి ఇవ్వడానికి పప్పు ప్యాకెట్లు పట్టుకెళ్లే మీలాంటి వాళ్లకి ఆ ఒక్క బ్యాగే లాంజ్‌లో కాఫీ కన్నా వంద రెట్లు ఎక్కువ.

ఇప్పుడు రెండోదానికి వద్దాం. నేను ఎవరికి చెప్పినా ఒకటే పద్ధతి చెప్తాను, స్టేటస్ ఒకచోట, మిగిలినది ఖర్చుపెట్టుకోవడానికి ఇంకోచోట. స్టేటస్ అంటే గోల్డు లాంటి హోదా, ఏడాదికేడాది మళ్లీ సంపాదించాల్సిందే, దాన్ని రెండు చోట్ల సంపాదించాలంటే రెండింతలు తిరగాలి, వ్యాపారం మానేసి ఆకాశంలోనే ఉండాలి. అందుకని రెండో ప్రోగ్రాంలో గోల్డు సిల్వరు అని ఆశపడకూడదు, అక్కడ మైళ్లు పోగుచేసి టికెట్టో అప్‌గ్రేడో తీసుకుని వాడేసుకోవాలి. ఎమిరేట్స్‌నే చూడండి, సిల్వర్ రావాలంటే ఏడాదిలో 25,000 టైర్ మైల్స్ (స్టేటస్ కోసం లెక్కపెట్టే మైళ్లు) గానీ 25 ఫ్లైట్లు గానీ కావాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి అబిజాన్, మళ్లీ వెనక్కి, ఇదంతా కలిపి నాలుగు ఫ్లైట్లు. మీ రాకపోకలకి అది అందేది కాదు, దానికోసం ఇథియోపియన్ వదిలేసి ఎమిరేట్స్‌కి మారిపోతే మహారాజా క్లబ్‌లో గోల్డ్ కూడా జారిపోతుంది.

క్రిస్‌ఫ్లయర్ ఎందుకు వద్దన్నానో చెప్తాను, బావమరిది గారు బాధపడొద్దు, ప్రోగ్రాం మంచిదే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా స్టార్ అలయన్సే. ఎప్పుడైనా సింగపూర్ వెళ్లినా మీ మహారాజా క్లబ్ నంబరు పెట్టి పాయింట్లు తెచ్చుకోవచ్చు, అలాంటప్పుడు అదే గూట్లో రెండో ఎకౌంటు పెట్టడం అంటే ఉన్న నీళ్లనే రెండు బిందెల్లో పొయ్యడం. ఆ పైన అక్కడ గోల్డ్ రావాలంటే 50,000 ఎలీట్ మైల్స్ (అక్కడ స్టేటస్ లెక్క మైళ్లు) కావాలి, మైళ్లు మూడేళ్లకి అయిపోతాయి, మీరు సింగపూర్ వైపు వెళ్లేదే లేదు. ఆయన సంగతి వేరు అయ్యుండొచ్చు, వైజాగ్ నుంచి సింగపూర్‌కి స్కూట్ నేరుగా ఉంది, స్కూట్ స్టార్ అలయన్స్‌లో లేదు గానీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్లదే కాబట్టి క్రిస్‌ఫ్లయర్ మైళ్లు ఇస్తుంది. ఆ ఫ్లైటు తరచూ ఎక్కేవాళ్లకి, సింగపూర్‌లో పిల్లలున్నవాళ్లకి అయితే నేను కూడా అదే చెప్తాను. అదే మొదటి ప్రోగ్రాంగా పెట్టుకోమని కూడా చెప్తాను.

ఇక మీ కాగితం మీద టిక్కు లేకుండా మిగిలేవి రెండే రకాలు. ఒకటి ఎమిరేట్స్, రెండోది వైజాగ్ నుంచి ఎక్కే ఇండిగో. ఎమిరేట్స్ ఏ గూట్లోనూ లేదు, స్టార్‌లో లేదు, వన్‌వరల్డ్‌లో లేదు, స్కైటీంలో లేదు, ఒంటరిగానే నడుస్తుంది. అంటే దాని మైళ్లు మీ మహారాజా క్లబ్‌లో పడే దారి లేదు, స్కైవార్డ్స్ లేకపోతే అవి గాలికి పోతున్నట్టే. దుబాయ్‌లో పార్టీలని కలిసే పని మీకు తప్పదు, మన దేశం నుంచి పప్పు ఎక్కువ కొనే దేశాల్లో యూఏఈ ముందుంటుంది, అది నాకన్నా మీకే బాగా తెలుసు. కాబట్టి ఆ రూటు రేపు ఎల్లుండి ఆగిపోయేది కాదు. ఫ్లైదుబాయ్ ఎక్కినా స్కైవార్డ్స్‌లోనే పడతాయి. మీరు పిక్కలు ఏ దేశం నుంచి కొన్నా, ఐవరీ కోస్ట్ అయినా టాంజానియా అయినా, ఎమిరేట్స్ అబిజాన్‌కీ వెళ్తుంది దారెస్సలాంకీ వెళ్తుంది. అమ్మాయి దగ్గరకి వెళ్లాలంటే దుబాయ్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి నేరుగా ఉంది. మీ పని, మీ ఇల్లు, రెండూ ఒకే నంబరు మీదకి వస్తున్నాయి, అదే నేను దీన్ని ఎంచుకున్న కారణం.

దీనిలో ఇబ్బందులు కూడా చెప్పాలి. స్కైవార్డ్స్ మైళ్లు మూడేళ్లకి చచ్చిపోతాయి, మీ పుట్టినరోజు వచ్చే నెలాఖరికి లెక్క. మీరు రెండేళ్లలో న్యూజెర్సీ అంటున్నారు కాబట్టి ఆ గడువు మీకు సరిపోతుంది. రెండోది, మైళ్లతో టికెట్ తీసుకున్నా ఫ్రీ అనుకోకండి, ట్యాక్సులూ ఎయిర్‌లైన్ వాళ్ల చార్జీలూ చేతి నుంచి కట్టాలి, ఎమిరేట్స్‌లో ఆ చార్జీలు బాగానే ఉంటాయి. అందుకని దుబాయ్ వరకు ఉండే చిన్న టికెట్లకి మైళ్లు ఖర్చుపెట్టకండి, అక్కడ కట్టే చార్జీలు చూస్తే టికెట్ కొనుక్కున్నా పెద్ద తేడా ఉండదు. పెద్ద ప్రయాణంలో ఎకానమీ నుంచి బిజినెస్‌కి అప్‌గ్రేడ్ చేయించడానికి వాడితే మైలుకి ఎక్కువ విలువ వస్తుంది. ఫేరు బాగా కిందిది అయితే అప్‌గ్రేడ్‌కి ఎక్కువ మైళ్లు అడుగుతారు, అది కూడా కొనేటప్పుడే చూసుకోవాలి, తర్వాత చూస్తే లాభం లేదు.

ఖతార్ ఎయిర్‌వేస్ గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే స్కైవార్డ్స్‌కి పోటీ ఇచ్చేది అదొక్కటే. ఖతార్ వన్‌వరల్డ్‌లో ఉంది, వాళ్ల ప్రివిలేజ్ క్లబ్‌లో 2022 నుంచి ఏవియోస్ అనే పాయింట్లు ఇస్తున్నారు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్లవీ ఏవియోసే, ఈ ఎకౌంటులోవి ఆ ఎకౌంటుకి మార్చుకోవచ్చు. హైదరాబాద్ నుంచి దోహాకి ఖతార్ ఉంది, లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉంది, అంటే అమెరికాకి రెండు దారులు. ఇంకో మంచి గుణం ఏంటంటే 36 నెలల్లో ఏదో ఒక కదలిక, సంపాదించడమో ఖర్చుపెట్టడమో, ఉంటే ఏవియోస్ అయిపోవు. దుబాయ్‌లో పని లేనివాళ్లకి, ఎప్పుడు వాడతారో తెలియనివాళ్లకి నేను ఇదే చెప్తాను. మీకు కూడా ఒకవేళ దుబాయ్ పార్టీలు తగ్గిపోయి ఆఫ్రికా వెళ్లడానికి మాత్రమే గల్ఫ్ మీంచి వెళ్లాల్సి వస్తే, అప్పుడు దోహా ఫేరూ దుబాయ్ ఫేరూ పక్కపక్కన పెట్టి చూసి మారిపోండి. ఇప్పుడు మాత్రం దుబాయ్‌లో దిగే మనిషిని దోహా మీంచి తిప్పడం అనవసరం. విమానాన్ని బట్టి ప్రోగ్రాం తీసుకోవాలి, ప్రోగ్రాం కోసం విమానం మార్చకూడదు.

ఇండిగో సంగతి చిన్నదే. వైజాగ్ నుంచి మీకు కావల్సిన టైముకి దొరికేది చాలాసార్లు ఇండిగోనే, పలాస నుంచి నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చినవాళ్లు పాయింట్ల కోసం ఇంకో నాలుగు గంటలు ఎయిర్‌పోర్టులో కూర్చోలేరు. ఎక్కండి, నంబరు పెట్టండి, పడ్డప్పుడల్లా దేశంలో టికెట్లకి వాడేయండి. ఇండిగో ఏ అలయన్స్‌లోనూ లేదు కాబట్టి అక్కడ ఎంత పైకి వెళ్లినా అడిస్‌లో లాంజ్ తలుపు తెరుచుకోదు. ఇంకొకటి, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ పేరులో ఎయిర్ ఇండియా ఉన్నా స్టార్ అలయన్స్‌లో లేదు. గోల్డ్ ఉంది కదా అని ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కువ లగేజీతో వెళ్లి కౌంటర్లో డబ్బు కట్టినవాళ్లని చూశాను. టికెట్ మీద ఏ విమానం అని ఉందో చూసి బ్యాగు సర్దుకోండి.

అన్నీ తీసేసుకోమన్న ఫ్రెండు గారికి నా మాటగా చెప్పండి, ఎకౌంటు తెరవడం ఫ్రీయే, నిజమే, కానీ ఐదు గోడౌన్లలో తలో పది కిలోల పిక్కలు పడి ఉంటే 80 కిలోల బస్తా అడిగినవాడికి మీరు ఏం ఇస్తారు? మైళ్లూ అంతే. ఒక టికెట్టుకి సరిపడా ఒకేచోట ఉంటేనే వాటికి విలువ, ముక్కలుగా ఉన్నవి గడువు తీరి పోవడానికే ఉంటాయి.

ఇప్పుడు మన వైపు వాళ్లకి అందరికీ వచ్చే చిక్కు ఒకటి, దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మైళ్లు పోయేది ఎక్కువ ఇక్కడే. పేరు. మనకి ఇంటిపేరు ముందు పొట్టి అక్షరంగా రాసుకుని తర్వాత పేరు రాయడం అలవాటు, బ్యాంకు పుస్తకంలో అలాగే, బిల్లు బుక్కులో అలాగే. పాస్‌పోర్ట్‌లో మాత్రం సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా, గివెన్ నేమ్ గడిలో మిగతా పేరంతా ఉంటుంది. ప్రోగ్రాంలో చేరేటప్పుడు ఫోన్లో తొందర తొందరగా పొట్టి అక్షరంతో పేరు కొట్టేస్తారు, లేదా ఇంటిపేరు ముందు గడిలో పడుతుంది. టికెట్ పాస్‌పోర్ట్ ప్రకారం వస్తుంది. రెండూ కలవవు, కంప్యూటర్‌కి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు, మైళ్లు పడవు. మా దగ్గర ఒకాయన, షిప్పు మీద ఇంజనీరు, టికెట్ మీద రామారావు కలిపి ఒకే మాటగా ఉంది, ఎకౌంటులో రామ వేరు రావు వేరుగా ఉంది, ఆ ఒక్క ఖాళీ కోసం అమెరికా రానుపోను మైళ్లు ఆగిపోయాయి, పాస్‌పోర్ట్ కాపీ పంపి, పేరు సరిచేయించి, మళ్లీ క్లెయిం పెట్టి తెప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అందుకని స్కైవార్డ్స్ తెరిచేటప్పుడు పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. మహారాజా క్లబ్ కూడా ఒకసారి తెరిచి చూడండి, తేడా ఉంటే ఇప్పుడే మార్పించండి, అవసరం వచ్చాక పరుగులు పెట్టొద్దు.

బోర్డింగ్ పాస్ కూడా పారేయకండి. మైళ్లు ఎకౌంటులో కనబడేదాకా ఉంచాలి, మీ ఎల్లో ఫీవర్ టీకా కార్డు పెట్టుకునే కవర్లోనే పెట్టేసుకోండి, అది ఎలాగూ ఆఫ్రికా వెళ్లిన ప్రతిసారీ చేతిలో ఉంటుంది కదా. ఇంటికొచ్చిన రెండు వారాలకి కూడా పడకపోతే వెంటనే క్లెయిం పెట్టండి, నెలలు గడిచాక తీసుకోరు.

క్రెడిట్ కార్డు గురించి ఒక్క మాట. కొన్ని బ్యాంకు కార్డుల పాయింట్లని ఎయిర్‌లైన్ మైళ్లకి మార్చుకోవచ్చు, మీ ఫ్యాక్టరీ ఖర్చులు కార్డు మీద వెళ్తుంటే అక్కడ పోగయ్యేవే విమానంలో వచ్చేవాటికన్నా ఎక్కువ ఉండొచ్చు. మీ కార్డు లిస్టులో స్కైవార్డ్స్ ఉందో లేదో, ఎన్నికి ఎన్ని ఇస్తున్నారో చూడండి, ఈ రేట్లు బ్యాంకులు తరచూ మారుస్తాయి. ఒకసారి మార్చాక వెనక్కి రావు. అందుకని సీటు కళ్ల ముందు కనిపించాకే మార్చాలి, ఎప్పుడో పనికొస్తాయని ముందే మార్చి పెట్టుకోకూడదు.

దాచుకోవడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్లో ఆగిపోయింది, విస్తారా 2024 నవంబర్లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. విస్తారా వాళ్ల పాయింట్లు ఎయిర్ ఇండియాకి వచ్చాయి కాబట్టి వాళ్లు అదృష్టవంతులు. కంపెనీ బాగానే ఉన్నా నిన్న ఇన్ని మైళ్లకి వచ్చిన టికెట్టుకి రేపు ఇంకా ఎక్కువ అడగొచ్చు, అడగడానికి మన అనుమతి అక్కర్లేదు. మైళ్ల మీద వడ్డీ రాదు. అనుకున్న ప్రయాణానికి సరిపడా అయితే వాడేయండి.

భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్ట్ వస్తోంది కదా అప్పటిదాకా ఆగుదామా అని కూడా ఇక్కడ చాలామంది అడుగుతున్నారు. ఆశ ఉండటం న్యాయమే, మన శ్రీకాకుళం ఎంపీ గారే 2024 నుంచి విమానయాన మంత్రి, ఎయిర్‌పోర్ట్ మన విజయనగరం జిల్లాలోనే. ఇప్పుడున్న వైజాగ్ ఎయిర్‌పోర్ట్ నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా, వాళ్లతో పంచుకుని నడుస్తోంది. భోగాపురం వల్ల మీకు నాతవలస దాటగానే ఎయిర్‌పోర్ట్ వస్తుంది, ఆనందపురం మీంచి ఊళ్లోకి వెళ్లే పని తప్పుతుంది, అది పెద్ద సుఖమే. కానీ ఏ ఎయిర్‌లైన్ అక్కణ్ణుంచి ఎక్కడికి వేస్తుందో చూసి అప్పుడు ఆలోచించాలి, రాని విమానం కోసం ఇప్పుడే ప్రోగ్రాం ఎంచుకోకూడదు.

న్యూజెర్సీ విషయం. ముగ్గురికీ ఒకే ఫ్లైటులో మైళ్ల టికెట్లు దొరకడం కష్టం, ఆ సీట్లు కొన్నే పెడతారు. సుమారు 11 నెలల ముందు నుంచి కనబడతాయి, అమ్మాయికి సెలవు ఎప్పుడో ఇప్పుడే అడిగి పెట్టుకుంటే మీరు ముందుంటారు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ ఆశపెట్టుకోకండి, ఫిబ్రవరి, సెప్టెంబర్ లాంటి నెలలు చూడండి, ఫిబ్రవరిలో మీ పిక్కల సీజన్ మొదలవుతుంది కాబట్టి మీకు సెప్టెంబరే కుదురుతుంది, ఎండా ఉండదు చలీ ఉండదు అమ్మగారికి కూడా. రెండు దారులూ చూడండి, ఢిల్లీ నుంచి న్యూయార్క్ వైపు ఎయిర్ ఇండియా నేరుగా ఉంది, అక్కడ మీ మహారాజా పాయింట్లు పనికొస్తాయి, దుబాయ్ మీంచి అయితే స్కైవార్డ్స్. ముగ్గురికీ రాకపోతే ఇద్దరికి మైళ్లతో తీసి మూడోది కొనేయండి, అందరూ ఒకే విమానంలో ఉండటం ముఖ్యం, అమ్మగారిని విడిగా పంపొద్దు. వదిన గారికీ అమ్మగారికీ కూడా స్కైవార్డ్స్ నంబర్లు తీసుకోండి, మై ఫ్యామిలీ అని ఒక ఏర్పాటు ఉంది, ఎనిమిది మంది దాకా కలిసి మైళ్లు ఒకచోట పోగుచేసుకోవచ్చు. ఆ ప్రయాణంలో కొన్న టికెట్ల మైళ్లు కూడా అలా మీ లెక్కలోకే వస్తాయి.

చివర్లో అమ్మగారి మోకాళ్ల గురించి అడిగారు. దానికి గోల్డ్ అక్కర్లేదండి. వీల్‌చైర్ సాయం ఏ ఎయిర్‌లైన్‌లో అయినా అడగొచ్చు, టికెట్ చేసేటప్పుడే బుకింగ్‌లో రాయించండి, కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఉందో లేదో ఒకసారి అడగండి, మధ్యలో దిగే ఎయిర్‌పోర్టులో కూడా రాసి ఉందా అని విడిగా అడగండి, ఎందుకంటే వైజాగ్‌లో ఇచ్చి దుబాయ్‌లోనో ఢిల్లీలోనో రాయకపోతే అక్కడ నడిచేది ఆవిడే. మందులు చేతి సంచిలో, డాక్టరు చీటీ తోపాటు. మారే చోట కనీసం మూడు గంటలు గ్యాప్ ఉన్న టికెట్ తీసుకోండి, వీల్‌చైర్ వాళ్లు వచ్చి తీసుకెళ్లేసరికి టైం పడుతుంది.